మద్రాసు పేపరు

కోటి సారు నన్ను టేపురికార్డరు అన్న రోజు క్లాసులో నూట నలభైమంది ఉన్నారు. అందరూ నవ్వారు. ఎవరు ఏ బెంచీలో కూర్చుని నవ్వారో ఇప్పటికీ వరసగా చెప్పగలను. నా జ్ఞాపకం అలాంటిది. ఆయన నన్ను పట్టుకున్నదీ దాని కోసమే.

ఆయన పూర్తి పేరు రామకోటేశ్వరరావు. గవర్నర్‌పేటలో ఒక లాడ్జి మీద రెండో అంతస్తులో బ్యాంకు పరీక్షలకి ఇంగ్లీషు చెప్పేవాడు. తెల్ల సఫారీ, జేబులో బంగారు మూత పెన్ను. ఏ ప్రశ్నకైనా జవాబు చెప్పేముందు ఆ పెన్నుతో బల్ల మీద మూడుసార్లు కొట్టేవాడు. టక్, టక్, టక్. తర్వాత "సి" అనేవాడు. అంతే, అది సి. ఎందుకు సి అయిందో అడిగే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. ఉయ్యూరు, గుడివాడ, అవనిగడ్డ వైపు నుంచి తెలుగు మీడియంలో డిగ్రీలు గట్టెక్కి, ఇంగ్లీషు అంటే నాలుక పిడచగట్టుకుపోయే పిల్లలం అందరం పొద్దున్నే బస్సులు దిగి ఆ మెట్లెక్కేవాళ్లం. మాకు కారణాలు అక్కర్లేదు, జవాబులు కావాలి.

కాంప్రహెన్షన్‌కి ఆయన చెప్పే పద్ధతి జిల్లా అంతా తెలుసు.

"పాసేజీ చదివినోడు ఫెయిలు, చదవనోడు పాసు," అనేవాడు. "ముందు ప్రశ్న చూడండి. ప్రశ్నలో పెద్ద మాట ఒకటి పట్టుకోండి. ఆ మాట పాసేజీలో ఎక్కడుందో వేలు పెట్టి వెతకండి. దొరికిందా, దాని పక్కనే ఉంటది జవాబు. మిగతాది మీకెందుకు? మీరేమన్నా ఆ కథకి పెళ్లిచూపులకి పోతన్నారా?"

పాసేజీకి శీర్షిక పెట్టమనే ప్రశ్నకి మాత్రం వెతికితే జవాబు దొరకదు. దానికింకో సూత్రం ఉండేది. నాలుగింట్లో ఏది పొడుగ్గా ఉంటే అదే టిక్కు పెట్టెయ్యడం.

నిజం చెప్పాలంటే ఆ పద్ధతితో చాలామంది గట్టెక్కారు. అది కాదనను.

సెంటరు పేరు నిలబడింది మాత్రం పద్ధతి వల్ల కాదు, మోత వల్ల. ఆ రోజుల్లో పరీక్ష అయ్యాక ప్రశ్నపత్రం వెనక్కి తీసేసుకునేవాళ్లు. కాగితం ముక్క బయటికి రాదు. అందుకని పరీక్షకి ముందురోజు సారు ఒక్కొక్కరికి కొన్ని నెంబర్లు పంచేవాడు. నీకు ఒకటి నుంచి నాలుగు, నీకు ఐదు నుంచి ఎనిమిది. ఆ ప్రశ్నలు మాట పొల్లుపోకుండా తలలో పెట్టుకుని, హాల్లోంచి రాగానే ఎవరితోనూ మాట్లాడకుండా, మంచినీళ్లు కూడా తాగకుండా తిన్నగా సెంటరుకి వచ్చి ఒప్పజెప్పాలి. అన్నీ అతికించి ఆయన పుస్తకం వేసేవాడు. అట్ట మీద ఆయన ఫోటో. 'నిజమైన ప్రశ్నపత్రాలు' అని ఎర్రక్షరాలు. ఏలూరు రోడ్డు పుస్తకాల షాపుల్లో బియ్యం బస్తాల్లా దొంతర్లు పెట్టి అమ్మేవాళ్లు.

పాసేజీ మొయ్యడం అందరివల్లా అయ్యేది కాదు. ఇరవై, పాతిక లైన్లు. అది నాకు పడింది.

నేను పదో ఏట సండే స్కూల్లో బైబిల్లోకెల్లా పొడుగైన కీర్తన, నూట డెబ్బై ఆరు వచనాలు, ఒక్కచోట కూడా తడుముకోకుండా చెప్పి స్టీలు చెంబు గెలుచుకున్నదాన్ని. మా నాన్న ఆమోసుకి చదువు రాదు. ఆయన కూడా విని విని ప్రార్థనలు మొత్తం నేర్చినవాడే. మా ఇంట్లో జ్ఞాపకం నాగలి లాంటిది, అది లేకపోతే పని జరగదు. ఈ సంగతి ఒకసారి క్లాసులో నోరు జారాను. సారు వెంటనే ఒక పేజీ ఇచ్చి పది నిమిషాల టైము పెట్టాడు. కామాతో సహా అప్పజెప్పాను. ఆయన పెన్ను తీసి బల్ల మీద మూడుసార్లు కొట్టి, "దీవెనా, నిన్ను బ్యాంకులో కుర్చీ మీద కూర్చోబెట్టే పూచీ నాది" అన్నాడు.

నమ్మాను. మూడేళ్లు మోశాను. బ్యాంకు పరీక్షలు, రైల్వే పరీక్షలు, ఇంకా ఏవేవో. మొత్తం పదకొండు పాసేజీలు. గంట పరీక్షలో పాసేజీ తలకెక్కించుకోవడానికే ఇరవై ఐదు నిమిషాలు పోయేది. మిగిలిన టైములో నా పేపరు నేను ఎంత రాస్తే అంత. ప్రతిసారీ చివరి ఇరవై ప్రశ్నలు ఖాళీ. బయటికొచ్చి ఒప్పజెప్పాక సారు ఉప్మా పొట్లం ఒకటి చేతిలో పెట్టేవాడు. పేపర్లో నెంబర్లు వేసిన రోజున నా నెంబరు ఉండేది కాదు. నేను మోసుకొచ్చిన పాసేజీకి జవాబులు బట్టీపట్టి, అదే వేరే జోన్లో మళ్లీ పడితే టిక్కులు పెట్టుకొచ్చినవాళ్ల నెంబర్లు ఉండేవి.

తొంభై ఏడు నవంబరులో లెక్క చూసుకున్నాను. సడలింపు కలుపుకున్నా నాకింక ఒక్క పరీక్ష రాసే వయసే మిగిలింది. క్లాసు మొదలయ్యే ముందు లేచి నిలబడి చెప్పాను.

"సార్, వచ్చేసారి నేను మొయ్యనండి. నా పేపరు నేను రాసుకుంటాను."

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. నవ్వాడు.

"రాసుకుని ఏం చేస్తావమ్మాయ్? నీకు ఇంగ్లీషు వచ్చా? పోయినసారి తెచ్చిన పాసేజీ దేని గురించో చెప్పు."

చెప్పలేకపోయాను. మాటలన్నీ ఉన్నాయి నోట్లో. అర్థం లేదు. పాసేజీ చదవొద్దని నేర్పింది ఆయనే.

"టేపురికార్డరు పాట పాడుద్ది. దానికి పాట అర్థమవుద్దా? కూర్చో, కూర్చో. టేపు బాధపడితే రీలు తెగుద్ది."

నూట నలభైమంది నవ్వారని చెప్పాను కదా. నిజానికి మూడో బెంచీలో కుల్సుం ఒక్కతే నవ్వలేదు. ఆమె నా స్నేహితురాలు. వాళ్ల నాన్న అబ్దుల్ రవూఫ్ గారిది గవర్నర్‌పేటలోనే బైండింగ్ షాపు. కోటి సారు పుస్తకాలన్నీ అక్కడే కుట్టేవాళ్లు. ఆ సాయంత్రం బస్టాండు దాకా నాతో నడిచొచ్చింది.

"ఏడవ్వే, పోద్ది," అంది.

"ఏడవను. ఆయన్ని నలుగురిలో నిలబెట్టి, ఆయన నోటితోనే చెప్పిస్తా, నాకేం చేశాడో."

"ఎట్టా చెప్పిస్తావ్?"

"తెలవదు. ముందు ఇంగ్లీషు నేర్చుకోవాలి."

కుల్సుం నా మొహంలోకి చూసింది. "జనం ఉద్యోగానికి నేర్చుకుంటారు. నువ్వు పగకి నేర్చుకుంటన్నావు," అంది.

ఊరికి వెళ్లిపోయాను. మాది ఉయ్యూరు అవతల, కాలవ గట్టున చర్చి ఉన్న పల్లె. చర్చి వెనక ఇంట్లో సంపూర్ణమ్మ టీచరు గారుండేవారు. మిషను బడిలో ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషి. తలుపు కొట్టి, నాకు ఇంగ్లీషు కావాలండీ అన్నాను.

"పుస్తకం ఏదీ?" అన్నారు.

"పుస్తకం లేదండి. తలలో పదకొండు పాసేజీలున్నాయి. ఒక్కదానికీ అర్థం తెలవదు."

ఆవిడ కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. "మొదటిది చెప్పు," అన్నారు. చెప్పాను. మొత్తం విని, "అది తేనెటీగల గురించే," అన్నారు. "చాలా బాగుంది కూడా. మూడేళ్లుగా ఇంత తేనె నెత్తిన పెట్టుకుని తిరుగుతున్నావు, ఒక్కసారి వేలు పెట్టి నాకలేదా?"

అలా మొదలైంది. పొద్దునపూట నేను మినుముచేలో తీతకి పోయేదాన్ని. వంగి మొక్కలు పీకుతూ ఒక్కో వాక్యం పైకి అనుకునేదాన్ని. ఇందులో కర్త ఎవడు, పని ఏమిటి, అది నిన్న జరిగిందా, రోజూ జరుగుతుందా. సాయంత్రం టీచరు గారి వరండాలో డిక్షనరీ తీసి, తెలియని మాటలు వెతికి, ఒక్కోదానితో నాలుగేసి సొంత వాక్యాలు రాసేదాన్ని. ఒకరోజు చేలో మా నాన్న నా పక్క సాలులోకి వచ్చి చెవి పెట్టి విన్నాడు.

"ఏం ప్రార్థనే అది?"

"మంచుకొండల గురించి నాన్నా."

"మంచుకొండలకి మనం ప్రార్థన చేసేదేంది?"

"నేను పరీక్షకి చదువుకుంటన్నా."

"సరే, చదువుకో. మొక్క మాత్రం వేరుతో పీకు," అన్నాడు.

సంక్రాంతి పోయింది, మినుము నూర్పిళ్లయిపోయాయి, ఎండలు ముదిరాయి. పదకొండు పాసేజీలు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. ఒక దాంట్లో పన్నులు ఎక్కువేసిన రాజు. ఒక దాంట్లో రైలు పట్టాలు వేసిన కూలీలు. మూడేళ్లు నాలో అద్దెకున్న వాళ్లందరి మొహాలు అప్పుడు చూశాను. చూసేకొద్దీ కోటి సారు మీద మంట ఎక్కువైంది గానీ తగ్గలేదు. ఆయన నా చేత ఖాళీ వదిలించింది ఇరవై ప్రశ్నలేననుకున్నాను. అంతకంటే చాలా ఎక్కువ.

మే నెలలో నేను రాసిన వ్యాసాలు దిద్దుతూ టీచరు గారు అడిగారు.

"ఏమే, ఇంత కోపంగా నేర్చుకునే పిల్లని నేను చూళ్లేదు. ఎవరి మీద?"

"ఎవరి మీదా కాదండి."

"పోనీలే. కోపం మంచిదే, రోజూ టైముకి తీసుకొస్తోంది నిన్ను. ఆర్టికల్సు మాత్రం మర్చిపోకు."

ఆ వారంలోనే పన్నెండో పాసేజీ మొదలుపెట్టాను. ఇది ఎవరూ పరీక్షలో ఇచ్చింది కాదు. నేనే రాశాను. మొదటి ప్రతిలో కోటి సారు పేరుంది, గవర్నర్‌పేట ఉంది, నోటికొచ్చిన తిట్టు ఉంది. టీచరు గారు ఎర్ర పెన్నుతో తప్పులు దిద్ది, కాగితం పక్కన పెట్టారు.

"ఇది పరీక్ష పాసేజీలా ఉండాలనా నీ ఉద్దేశం?"

"అవునండి."

"అయితే పేరు తీసెయ్. ఊరు తీసెయ్. పరీక్ష పాసేజీలో తిట్లుండవు. అనగా అనగా ఒక పట్నం అంటారు, ఒక గురువు అంటారు. నెమ్మదిగా చెప్పు. నెమ్మదిగా చెప్పిందే లోపలికి దిగుద్ది."

ఏం చేయబోతున్నానో ఆవిడ అడగలేదు. పందొమ్మిదిసార్లు తిరగరాయించారు. ఇరవయ్యోసారి ఎర్ర గీత ఒక్కటి కూడా పడలేదు. కింద ఐదు ప్రశ్నలు కూడా నేనే తయారుచేశాను. ఐదోది, ఈ పాసేజీకి తగిన శీర్షిక ఏది. నాలుగు జవాబుల్లో నాకు కావాల్సినదాన్ని అన్నిటికంటే పొడుగ్గా రాశాను.

జూలైలో బ్యాంకు పరీక్షకి నోటిఫికేషను పడింది. ఈసారి మద్రాసు జోనుకి పెట్టాను. పెరంబూరులో మా పిన్ని వాళ్లుంటారు. మా బ్యాచీలో అక్కడ రాసేవాళ్లు ఇంకెవరూ లేరు. దరఖాస్తు పోస్టు చేసి, తిన్నగా కోటి సారు దగ్గరికి పోయాను. చెప్పులు గుమ్మం బయట విడిచి, తలొంచుకుని నిలబడ్డాను.

"తప్పయిపోయిందండి. ఈసారి మద్రాసు సెంటరుకి పెట్టాను. మోసుకొస్తాను."

ఆయన మొహం వెలిగిపోయింది. మద్రాసు జోను పేపరు ఆయన పుస్తకంలో ఏ ఏడూ లేదు. ఏలూరు రోడ్డులో ఎవరి పుస్తకంలోనూ లేదు.

"టేపు ఎక్కడికి పోద్ది, వైండింగు చేసుకుని ఇక్కడికే వస్తది," అన్నాడు పక్కనున్న గుమాస్తాతో. గుమాస్తా నవ్వాడు. నేనూ నవ్వాను.

మద్రాసులో పరీక్ష హాల్లో పాసేజీ కాఫీ తోటల గురించి వచ్చిందో, టీ తోటల గురించి వచ్చిందో నాకిప్పుడు గుర్తు లేదు. రెండుసార్లు నింపాదిగా చదివాను, జవాబులు పెట్టాను, మర్చిపోయాను. జీవితంలో మొదటిసారి చదివింది మర్చిపోయాను. ప్రశ్నలన్నీ అయ్యాక ఇంకా ఎనిమిది నిమిషాలు మిగిలాయి. పెన్సిలు కింద పెట్టి కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.

సోమవారం మధ్యాహ్నం రైలు దిగి సెంటరుకి పోయి ఒప్పజెప్పాను. సారు కళ్లు మూసుకుని కుర్చీలో వెనక్కి వాలాడు. గుమాస్తా రాసుకున్నాడు. నేను తడుముకోలేదు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగాను, కామాలు చెప్పాను. ఐదు ప్రశ్నలూ చెప్పాను. సారు కళ్లు తెరిచి, "శీర్షికకి ఏది పెట్టావ్?" అన్నాడు.

"పొడుగ్గా ఉన్నదే పెట్టానండి."

"శభాష్," అని ఉప్మా పొట్లం ఇప్పించాడు. మెట్లు దిగి దాన్ని రిక్షా పక్కన పడుకున్న కుక్కకి పెట్టాను.

డిసెంబరులో పుస్తకం వచ్చింది. అట్ట మీద 'మొట్టమొదటిసారి మద్రాసు పేపరుతో సహా' అని వేశారు. నా పాసేజీ నూట పన్నెండో పేజీ. ఎనిమిది వేల కాపీలు. ఏలూరు రోడ్డు మీద నిలబడి జనం కొనుక్కుపోతుంటే చూశాను. ఇంక ఎవరో ఒకరు చదువుతారు, నవ్వుతారు, ఇంకొకళ్లకి చెబుతారు, సారు చెవిన పడుతుంది అనుకున్నాను. వారం పోయింది. రెండు వారాలు పోయాయి. మళ్లీ సెంటరు మెట్లెక్కాను, క్లాసులో వెనక కూర్చున్నాను. మద్రాసు పేపరు బల్లల మీద తెరిచే ఉంది. ఒక్కడు కూడా నవ్వలేదు. అందరూ ప్రశ్న చూడటం, మాట పట్టుకోవడం, వేలు పెట్టి వెతకడం, టిక్కు పెట్టడం. సారు కూడా అంతే. టక్ టక్ టక్, "ఎ". టక్ టక్ టక్, "డి". ఐదో ప్రశ్నకి పొడుగు జవాబు. పేజీ తిప్పారు.

ఎనిమిది వేలమంది చేతిలో ఉంది నా పగ. ఎవరూ చదవరు. చదవొద్దని ఆయన నేర్పాడు కాబట్టి చదవరు. ఆయన ప్రింటు చేసేముందు కూడా చదవలేదు.

బైండింగ్ షాపులో కుల్సుం ఒక్కతే చదివింది.

"అచ్చు ఫారాలు మడత పెడతంటే కనపడిందే," అంది. "మూడుసార్లు చదివాను. పెన్ను దగ్గరకొచ్చేసరికి నవ్వాగక సూది వేల్లో గుచ్చుకుంది. నాన్న ఏంటే అని కసిరాడు."

"చదివింది నువ్వొక్కదానివే."

"నీకు నెంబరొచ్చాక ఇవన్నీ ఎందుకులే."

నెంబరు జనవరి మొదట్లో వచ్చింది. రాతపరీక్షలో గట్టెక్కాను. పేపర్లో నా నెంబరు కింద మా నాన్న బొగ్గుతో గీత గీసి, ఆ కాగితం గోడకి అంటించాడు. టీచరు గారు మాత్రం, "ఇంక కోపం లేకుండా కూడా చదువుతావా?" అని అడిగి ఊరుకున్నారు.

"వదిలెయ్యవే ఇంక," అంది కుల్సుం.

"నవ్వినోళ్లు నూట నలభై మంది. ఆయన నోటితో చెప్పించందే వదలను."

వదిలేదాన్నేమో, ఏమో. చెప్పలేను. కానీ ఆయనే వదల్లేదు. వారం తిరక్కుండా గోడల మీద కరపత్రాలు పడ్డాయి. కొత్త బ్యాచీకి ఉచిత డెమో క్లాసు, ఒక కల్యాణ మండపంలో. కరపత్రం మధ్యలో నా పాస్‌పోర్టు ఫోటో. కింద 'మా సెంటరు విద్యార్థిని, మద్రాసు జోన్లో విజయం'. నన్ను అడగలేదు. గుమాస్తా ఫోను చేసి టీచరు గారి ఇంట్లో కబురు పెట్టాడు, ఆదివారం పొద్దున పదింటికి రమ్మని.

వెళ్లాను. కుల్సుం కూడా వచ్చింది. మండపంలో మూడొందలమంది పైన ఉన్నారు. గుమ్మంలో అందరికీ పుస్తకం చేతిలో పెడుతున్నారు. ముందు వరసల్లో మా పాత బ్యాచీ వాళ్లు. సారు మైకు పట్టుకుని నన్ను స్టేజీ మీదకి పిలిచాడు.

"ఈ అమ్మాయికి మూడేళ్ల కింద ఇంగ్లీషులో ఏబీసీడీలు కూడా సరిగ్గా రావు. ఇవ్వాళ బ్యాంకు ఉద్యోగి అవబోతంది. ఎట్టా? మన పద్ధతి. ఈమెకి మేం ముద్దుగా టేపు అని పేరు పెట్టాం. మద్రాసు పేపరు ఈమే తెచ్చింది. నూట పన్నెండో పేజీ తియ్యండి. పుస్తకం చూడకుండా ఒక్క అక్షరం తప్పకుండా చెప్పుద్ది, చూడండి. చెప్పమ్మా."

మూడొందల పేజీలు తిరిగిన చప్పుడైంది. మైకు దగ్గరికి వచ్చాను.

"సార్, ఉత్తినే ఇంగ్లీషులో చెబితే కొత్త పిల్లలకి ఏం తెలుస్తదండీ. నేనొక్కో వాక్యం చెబుతాను, మీరు తెలుగులో చెప్పండి. మీ నోటితో వింటే వేరు కదండీ."

ఆయనకి అది నచ్చింది. రెండో మైకు తెప్పించుకున్నాడు.

మొదటి వాక్యం చెప్పాను. ఆయన గొంతు సవరించుకుని తెలుగు చేశాడు.

"కాలవ ఒడ్డున ఉన్న ఒక వ్యాపారుల పట్నంలో పేరు మోసిన గురువొకడు ఉండేవాడు."

రెండోది.

"అతను తెల్లని బట్టలు కట్టేవాడు. ఎవరే ప్రశ్న అడిగినా, బంగారు మూత ఉన్న కలంతో బల్ల మీద మూడుసార్లు కొట్టి, అప్పుడు జవాబు చెప్పేవాడు."

ముందు వరసల్లో కిలకిల మొదలైంది. ఆయన కూడా నవ్వాడు. "ఎవడో నాలాంటోడే," అన్నాడు మైకులో. హాలంతా నవ్వింది. నేను మూడోది చెప్పాను.

"రాజుగారి గాదె... ఏడాదికి ఒక్కరోజు తెరిచేవాళ్లు. లోపలికెళ్లి కడుపునిండా తినగలిగిన పిల్లలకి రాజుగారి కొలువులో చోటు."

నాలుగోది. ఆయన వెంటనే అందుకోలేదు. నా వైపు చూశాడు. నేను ఆయన్ని చూడలేదు. ముందు వరసలో నవ్విన మొహాలని, ఒక్కొక్కటే, వరసగా చూస్తున్నాను.

"గురువు తన శిష్యులతో చెప్పాడు... మీరు తినొద్దు. గింజలు... నాలుక కింద పెట్టుకుని... నాకు తెచ్చివ్వండి."

ఐదో వాక్యం చెప్పాను. తెలుగు రాలేదు. ఒక్క క్షణం ఆగి ఆరోది చెప్పాను. అదీ రాలేదు. అప్పుడు చూశాను. ఎవరూ స్టేజీ వైపు చూడటంలేదు. తలలన్నీ కిందికి వంగి ఉన్నాయి. వేళ్లు లేవు పేజీల మీద. కళ్లు ఎడమ నుంచి కుడికి, కిందికి, మళ్లీ ఎడమ నుంచి కుడికి నడుస్తున్నాయి. మూడొందలమంది పాసేజీ చదువుతున్నారు. రాని మాట దగ్గర పక్కవాణ్ణి అడుగుతున్నారు, పక్కవాడు చెబుతున్నాడు. పాత బ్యాచీలో పుల్లయ్య అని ఒకడుండేవాడు, రెండో బెంచీ, చివర. ఆ రోజు అందరికంటే గట్టిగా నవ్వినవాడు. వాడు మధ్యలో తలెత్తి నన్నొకసారి చూసి మళ్లీ దించుకున్నాడు. వాడూ రెండేళ్లు మోశాడు.

నేను ఆపలేదు. ఆ గింజల్ని గురువు తన పొలంలో పండినవిగా ఊరికి పంచిన సంగతి చెప్పాను. అందరికంటే ఎక్కువ మోసిన పిల్ల ఏటేటా ఖాళీ కడుపుతో బయటికొచ్చిన సంగతి, మూడో ఏడు గాదె గుమ్మంలో పడిపోయిన సంగతి చెప్పాను. ఆ పిల్లకి ఆకలి కాదా అని ఊరివాళ్లు అడిగితే గురువు నవ్వి ఏమన్నాడో ఆ చివరి వాక్యం చెప్పాను. దాన్ని సారు తెలుగు చెయ్యలేదు. నాలుగో వరసలో ఒక కొత్త పిల్ల, అప్పుడే అర్థమైనట్టు, పక్కనామెతో పైకే అంది.

"గోనెసంచికి కడుపుంటుందా అన్నాడంట."

ఎవరూ నవ్వలేదు.

సారు మైకు కిందికి దించి, నాకు మాత్రమే వినపడేట్టు అన్నాడు. "ఎవరు రాశారే ఇది?"

"టేపుకి రాయడం వస్తదా అండి?"

ఆయన తేరుకున్నాడు. తేరుకోడనుకోవద్దు, ముప్పై ఏళ్లు జనం ముందు నిలబడిన మనిషి. మైకెత్తి, "సరే, టైమవుతంది, తర్వాతి అంశానికి పోదాం" అన్నాడు. అప్పుడు కుల్సుం లేచి నిలబడింది. మేం అనుకున్నది కాదు అది. తనంతట తనే లేచింది.

"సార్, ఐదో ప్రశ్న మిగిలిపోయిందండి. ఈ పాసేజీకి తగిన శీర్షిక. నాలుగూ తెలుగులో చదవమంటారా? 'ఉదారుడైన గురువు'. 'రాజుగారి గాదె'. 'ఆకలి ఊరు'. నాలుగోది, 'పిల్లల నోటిలోని గింజలు లాక్కుని దాత అనిపించుకున్న మనిషి'. ఏదండీ జవాబు?"

మూడొందల తలలు ఒకేసారి పైకి లేచాయి.

జవాబు పుస్తకం చివర ఆయనే ప్రింటు చేశాడు. అది అందరి చేతుల్లోనూ ఉంది. అయినా ఆయన చెబుతాడని చూస్తున్నారు. ముప్పై ఏళ్ల అలవాటు మనిషిని అడిగి వస్తుందా. ఆయన చెయ్యి దానంతటదే జేబులోకి పోయింది, పెన్ను తీసింది, బల్ల మీదికి వచ్చింది. టక్ మంది ఒకసారి. అప్పుడు ఆయన చూసుకున్నాడు తన చేతిని. పెన్ను గాల్లో ఆగిపోయింది.

హాలంతా ఆ పెన్నునే చూస్తోంది. కిందికి దించితే రెండోదవుతుంది. జేబులో పెడితే ఏమవుతుందో అందరికీ తెలుసు.

రెండో వరసలోంచి పుల్లయ్య వేలి కణుపులతో ముందు కుర్చీ మీద కొట్టాడు. టక్. ఇంకెవరో కొట్టారు. టక్. తర్వాత నాలుగో వరస, తర్వాత వెనకంతా, ఎవరూ అరవకుండా, ఎవరూ నవ్వకుండా, కుర్చీల మీద మూడేసి దెబ్బలు. నేను స్టేజీ దిగి మధ్యలోంచి నడిచి బయటికి వచ్చేసేదాకా ఆ చప్పుడు ఆగలేదు.

వీధిలో ఎండ చురుక్కుమంటోంది. కుల్సుం నా వెనకే పరిగెత్తుకొచ్చింది.

"నోటితో చెప్పించలేదుగా. నాలుగు వాక్యాలే చెప్పాడు," అంది.

"చాలు. మిగతాది చదువుకున్నారు."

"పాపం అనిపించలేదా?"

ఆలోచించాను. నిజంగానే ఆలోచించాను. "లేదు," అన్నాను.

మలుపులో మెస్సు ఉంది. పొద్దున ఊళ్లో ఏమీ తినకుండా బస్సెక్కానని అప్పుడు గుర్తొచ్చింది. లోపలికెళ్లి ఎదురెదురుగా కూర్చున్నాం. ఆకు వేశారు, అన్నం పెట్టారు, ముద్దపప్పు, వంకాయకూర. రెండోసారి అన్నం అడిగాను. మూడోసారి అడిగేటప్పటికి వడ్డించే ఆయన గంటె పట్టుకుని నా వైపు వింతగా చూశాడు.

"ఇంకా వెయ్యండి," అన్నాను. "మూడేళ్ల ఆకలి."